ఎర్ర బటన్లు వెలుగుతున్నాయి, నీలం వెలగడం లేదు: ఆర్కేడ్ బటన్ల ఎల్‌ఈడీలకు రెసిస్టర్ లెక్క

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. తర్వాత చదివేవాళ్ళకూ పనికొస్తుంది. గుంటూరులో మీ ఇంట్లో ఇద్దరు ఆడుకునే ఆర్కేడ్ పెట్టె చేస్తున్నావు. సంక్రాంతికి మీ అక్కావాళ్ళ పిల్లలు వచ్చేసరికి అది సిద్ధం కావాలి. మొత్తం 12 లైటు బటన్లు: ఎరుపు 4, పసుపు 2, ఆకుపచ్చ 2, నీలం 2, తెలుపు 2. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులకు ఒకే ఒక్క 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, దాని తర్వాత ఎల్‌ఈడీలన్నిటినీ ప్యారలల్‌గా, అంటే ప్లస్‌లన్నీ ఒక చోట, మైనస్‌లన్నీ ఒక చోట కలిపావు. ఎర్రవి వెలుగుతున్నాయి, పసుపువి వెలిగీ వెలగనట్టు ఉన్నాయి, మిగతా మూడు రంగులూ అసలు లేవు. నీలం ఒకదాన్ని 12 వోల్టుల అడాప్టర్‌కు నేరుగా తగిలిస్తే ఒక్క క్షణం భగ్గుమని ఆరిపోయింది. నీలం, తెలుపు లాటు మొత్తం పాడైందా, బటన్ నొక్కినప్పుడు లైటు మారాలంటే ఏం చేయాలి అన్నవి నీ రెండు ప్రశ్నలు.

లాటు పాడవలేదు. 12 వోల్టులకు తగిలించినది మాత్రం పోయింది, అది పక్కన పెట్టెయ్. మిగతావి బాగానే ఉన్నాయని నువ్వే ఇప్పుడు తేల్చుకోవచ్చు. ఇప్పుడున్న వైరింగ్ అలాగే ఉంచి ఎర్రవి నాలుగూ లాగెయ్. పసుపువి పూర్తిగా వెలుగుతాయి. పసుపు, ఆకుపచ్చవి కూడా లాగెయ్. అప్పటిదాకా చచ్చినట్టు ఉన్న నీలం, తెలుపు వెలుగుతాయి. ఇది చేసి చూశాకే మిగతాది చదువు. నేను చెప్పే విషయమంతా ఈ చిన్న పరీక్షలోనే ఉంది.

ఎందుకలా జరుగుతుందంటే, ఎల్‌ఈడీ బల్బు లాంటిది కాదు. టార్చిలైటు బల్బులో ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. అంటే తనకు ఎక్కువయ్యే కరెంటును అదే ఆపుకుంటుంది. అందుకే 6 వోల్టుల బల్బుకు 6 వోల్టులు ఇస్తే చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఎల్‌ఈడీ దీనికి పూర్తిగా ఉల్టా. ఒక వోల్టేజీ దాకా దాదాపు ఏమీ తీసుకోదు. ఆ గడప దాటగానే, వోల్టులో పదోవంతు పెంచినా కరెంటు రెండింతలు, మూడింతలు అయిపోతుంది. పైగా వేడెక్కితే ఆ గడప ఇంకా కిందికి దిగుతుంది, డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. వేడెక్కితే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఎక్కువ తీసుకుంటే ఇంకా వేడెక్కుతుంది. దానికి సొంతంగా బ్రేకు లేదు. ఆ బ్రేకే రెసిస్టర్. రెసిస్టర్ వోల్టేజీ తగ్గించడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పని కరెంటును ఒక చోట పట్టి ఉంచడం.

ఆ గడప ఎక్కడుంటుందో రంగును బట్టి మారుతుంది. ఎరుపుకు 1.8 నుంచి 2.2 వోల్టులు. పసుపుకు 2.0 నుంచి 2.2. నీలానికి, తెలుపుకు 3.0 నుంచి 3.4. రంగు అంటే కాంతి కణానికి ఉండే శక్తి. ఎరుపు కాంతి అలల పొడవు 625 నానోమీటర్లయితే ఒక్కో కణానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నీలం 465 నానోమీటర్లు, దానికి 2.67 కావాలి. అంత శక్తి ఇవ్వాలంటే వోల్టేజీ కూడా దాదాపు అంతో, అంతకన్నా కొంచెం పైనో ఉండాలి. తెలుపుకు సొంత రంగంటూ లేదు. అది నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత. అందుకే దాని లెక్క కూడా నీలం లెక్కే.

ఇప్పుడు నీ సర్క్యూట్‌లో ఏం జరిగిందో చూడు. ప్యారలల్‌లో ఉన్న అన్నిటికీ వోల్టేజీ ఒక్కటే. ఎర్రవి 1.9 వోల్టుల దగ్గరే తెరుచుకున్నాయి, వచ్చిన కరెంటంతా వాటిగుండానే పోయింది, వోల్టేజీ అక్కడే ఆగిపోయింది. 3 వోల్టులు కావాల్సిన నీలానికి ఆ 1.9 ఎందుకూ చాలదు. పసుపుకు గడప కాస్తే పైన ఉంది కాబట్టి కొంచెం మినుకుమంది. ఊళ్ళో కాలువకు పల్లంలో గండి పడితే మెరక పొలానికి నీళ్ళు ఎక్కుతాయా? అదే ఇక్కడా జరిగింది.

పోనీ ఒకే రంగువి అయితే ఒకే రెసిస్టర్‌తో ప్యారలల్ పెట్టొచ్చు కదా అని నువ్వు అడుగుతావు. వద్దు. ఇది గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం కృష్ణలంకలో ఒక వినాయక చవితి పందిరికి పేరు బోర్డు చేశాను. 20 ఎర్ర ఎల్‌ఈడీలు ప్యారలల్‌గా, మొత్తానికి ఎక్కువ వాట్లు మోసే పెద్ద రెసిస్టర్ ఒక్కటే. లెక్క సరిగ్గానే కట్టాను. మొదటి రాత్రి చక్కగా వెలిగింది. రెండో రాత్రి ఒకటి ఆరింది. దాని వాటా కరెంటు మిగతా 19కి వెళ్ళింది. వాటిలో తక్కువ గడప ఉన్నది ఎక్కువ తీసుకుని అదీ పోయింది. ఇక మిగిలిన ప్రతిదాని మీదా భారం పెరుగుతూనే పోయింది. మూడో రోజు పూజ వేళకు సగం అక్షరాలు లేవు. పందిరి వాళ్ళు ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రంతా కూర్చుని ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్ వేసి తిరిగి కట్టాను. నిమజ్జనం దాకా మళ్ళీ ఒక్కటీ పోలేదు. ఒక్కో రెసిస్టర్ రూపాయో రెండో ఉంటుంది. 12 బటన్లకు 12 రెసిస్టర్లు వెయ్యి. ఇందులో మిగుల్చుకునేదేమీ లేదు.

ఇక లెక్క. సప్లై వోల్టేజీలోంచి ఎల్‌ఈడీ వోల్టేజీ తీసెయ్. మిగిలినదాన్ని నీకు కావాల్సిన కరెంటుతో భాగించు. కరెంటు ఆంపియర్లలో ఉండాలి, 10 మిల్లీఆంపియర్లంటే 0.010. అంతే.

కరెంటు ఎంత పెట్టుకోవాలి? మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి డేటాషీటులో, అంటే కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, 20 మిల్లీఆంపియర్లు అని ఉంటుంది. చాలామంది అదే పట్టుకుంటారు. ఆ అంకె 25 డిగ్రీల వేడిలో చెప్పింది. మన బెజవాడ, గుంటూరు మే నెలలో బయటే 45 దాకా పోతుంది. నీ పెట్టె ప్లైవుడ్‌తో మూసి ఉంటుంది, లోపల చిన్న కంప్యూటర్ బోర్డు కూడా వేడి చిమ్ముతుంది. అందుకని నేను 10 మిల్లీఆంపియర్లు దాటను. ఈ కాలం ఎల్‌ఈడీలకు వెలుతురు అందులోనే పుష్కలంగా వస్తుంది. 20 నుంచి 10కి తగ్గించినా కంటికి సగం అనిపించదు, కాస్త తగ్గినట్టు ఉంటుంది అంతే.

ఎరుపు: 5 లోంచి 2 తీస్తే 3. 3ను 0.010తో భాగిస్తే 300 ఓమ్స్. మామూలుగా కొట్లో దొరికే వరసలో 270, 330 ఉంటాయి. 330 తీసుకో. కరెంటు 9 మిల్లీఆంపియర్లు వస్తుంది. పసుపు: 2.9 మిగులుతుంది, దానికీ 330 సరిపోతుంది. నీలం, తెలుపు: 5 లోంచి 3.1 తీస్తే 1.9. భాగిస్తే 190. దగ్గర్లో ఉన్నది 180. కరెంటు 10.6 వస్తుంది, ఫరవాలేదు. లెక్కలో వచ్చిన విలువ దొరకనప్పుడు మామూలుగా పై విలువకే వెళ్ళు. ఇక్కడ 10 అన్నది మనం పెట్టుకున్న హద్దే, ఎల్‌ఈడీ హద్దు 20, కాబట్టి 180తో ఇబ్బంది లేదు. 220 వేసినా తప్పు లేదు, 8.6 వస్తుంది.

ఆకుపచ్చ దగ్గర కాస్త ఆగాలి. ఆకుపచ్చ ఎల్‌ఈడీలు రెండు జాతులు. పాతకాలం నాటివి, టీవీల మీద, స్టెబిలైజర్ల మీద కనిపించే పసుపు పచ్చని ఆకుపచ్చ. వాటి గడప 2.1 వోల్టుల దగ్గర ఉంటుంది, అంటే ఎరుపు లెక్కే. రెండోది ట్రాఫిక్ సిగ్నల్లాంటి నిండు ఆకుపచ్చ, గాజులా తెల్లటి బుడ్డి. అది నీలం తయారుచేసే పదార్థం కుటుంబంలోనిదే కాబట్టి 3 వోల్టులు దాటుతుంది. ఆర్కేడ్ బటన్లలో ఎక్కువగా రెండోదే వస్తుంది, కానీ కొలవకుండా నమ్మకు. ఈ నిండు ఆకుపచ్చకు ఇంకో గుణం ఉంది. మన కన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకుపచ్చకే స్పందిస్తుంది. అన్నిటికీ ఒకే కరెంటు ఇస్తే ఆ రెండు బటన్లు మిగతా పదింటినీ మింగేస్తాయి. అందుకే దానికి 470 వెయ్యి. 1.9ను 470తో భాగిస్తే 4 మిల్లీఆంపియర్లు. చాలు. చీకట్లో ఆడతారనుకుంటే 1 కిలో ఓమ్ (1000 ఓమ్స్) కూడా ప్రయత్నించు.

మొత్తం కలిపి చూద్దాం. ఎర్రవి నాలుగూ 36, పసుపు రెండూ 18, నీలం తెలుపు నాలుగూ 42, ఆకుపచ్చ రెండూ 8. దాదాపు 104 మిల్లీఆంపియర్లు. కంప్యూటర్ యూఎస్‌బీ 2.0 పోర్టు 500 దాకా ఇస్తుంది. ఏ బటన్ నొక్కావో కంప్యూటర్‌కు చెప్పే ఎన్‌కోడర్ బోర్డు కూడా అందులోంచే తాగుతుంది, అయినా దిగుల్లేదు.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు "5 వోల్టులకు 330 వేసెయ్" అని కళ్ళు మూసుకుని వేసేవారు. వాళ్ళకు చెప్పిన పెద్దలు తప్పు చెప్పలేదు. ఆ మాట పుట్టిన కాలంలో కొట్లో దొరికేవి ఎరుపు, పసుపు, ఆ పాత ఆకుపచ్చ మాత్రమే. మూడింటి గడపా 2 వోల్టుల చుట్టూనే. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ 1993లో గాని రాలేదు. జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేస్తూ షూజీ నకమురా దాన్ని సాధించారు. 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిపి ఆయనకు ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. 330 అన్నది నీలం లేని రోజుల సూత్రం. నీలానికి అదే వేస్తే కాలిపోదు, 5.8 మిల్లీఆంపియర్లతో కాస్త డల్‌గా వెలుగుతుంది. 12 బటన్లకూ ఒకే విలువ వేసి వదిలేస్తే రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందం అక్కడే పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. రెసిస్టర్ మీద ఎంత వోల్టేజీ మిగిలితే సర్క్యూట్ అంత స్థిరంగా ఉంటుంది. ఒకే ప్యాకెట్‌లోని నీలం ఎల్‌ఈడీలు ఒకటి 3.0 ఉంటుంది, ఒకటి 3.4 ఉంటుంది. 5 వోల్టులకు 180తో లెక్క కడితే మొదటిదానికి 11.1, రెండోదానికి 8.9 మిల్లీఆంపియర్లు. ఆ తేడా కంటికి తెలియదు. అదే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పిన్ను నుంచి వచ్చే 3.3 వోల్టులతో నీలం వెలిగించబోతే మిగిలేది 0.3, 0.1 లేదా సున్నా. ఒకటి వెలుగుతుంది, పక్కది వెలగదు, ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. అందుకే నీలం, తెలుపులను 3.3 మీద నడపొద్దు. పైగా రాస్ప్‌బెర్రీ పై పిన్ను ఒక్కోటి 16 మిల్లీఆంపియర్లకు మించి మోయలేదు. నువ్వు తర్వాతెప్పుడైనా ప్రోగ్రాంతో లైట్లు ఆడించాలనుకుంటే పిన్నుకు ఎల్‌ఈడీ నేరుగా తగిలించకుండా మధ్యలో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ పెట్టు. యూఎల్‌ఎన్2003 అనే ఐసీ ఒక్కదాంట్లో ఏడు స్విచ్చులు ఉంటాయి, మన ఊళ్ళో తేలిగ్గా దొరుకుతుంది. కానీ అది తనకోసం దాదాపు ఒక వోల్టు తినేస్తుందని గుర్తుంచుకో. నీలానికి అప్పుడు 1.9 కాదు, 1 వోల్టే మిగులుతుంది. 180 తీసి 100 వేసుకోవాలి.

12 వోల్టుల సంగతి. నువ్వు ఆ అడాప్టరే వాడాలనుకుంటే, విడి ఎల్‌ఈడీలయితే, లెక్క చాలా సులువు. ఎరుపుకు 10 వోల్టులు, నీలానికి 8.9 మిగులుతాయి. రెండింటికీ 1 కిలో ఓమ్ వేసెయ్, 9, 10 మిల్లీఆంపియర్లు వస్తాయి. రెసిస్టర్ మీద వేడి 100 మిల్లీవాట్లు, పావు వాటు రెసిస్టర్ దాన్ని మోస్తుంది, కాస్త వెచ్చగా ఉంటుంది. 5 వోల్టుల్లో అయితే 30 మిల్లీవాట్లు కూడా ఉండదు. పిల్లలు ఆడే పెట్టె కాబట్టి, ఎన్‌కోడర్ కూడా 5 వోల్టులదే కాబట్టి, నేనైతే 12 లోపలికి తీసుకురాను. ఎప్పుడో ఒక వైరు ఊడి ఎన్‌కోడర్ మీద పడిందంటే బోర్డు పోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఆర్కేడ్ బటన్ లోపల ఎల్‌ఈడీ చిన్న ప్లాస్టిక్ హోల్డర్‌లో దూర్చి ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ హోల్డర్‌లోనే రెసిస్టర్ పెట్టి 12 వోల్టులకో 5 వోల్టులకో అమ్ముతాయి. కొన్ని వట్టి ఎల్‌ఈడీ పెడతాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. నీది 12 వోల్టులకు ఒక్క క్షణంలో పోయిందంటే అది వట్టిది, లేదా 5 వోల్టులది. ఏదో ఖాయం చేసుకోవడానికి ముందు హోల్డర్ లాగి అడుగున చూడు. రంగు గీతలున్న చిన్న రెసిస్టర్ ఉంటే కనిపిస్తుంది. కనిపించకపోతే ఇలా చెయ్. 1 కిలో ఓమ్ సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా పెట్టి ముందు 5 వోల్టులు ఇచ్చి, వెలిగే దిక్కు తెలుసుకుని, హోల్డర్ రెండు కాళ్ళ మధ్య వోల్టేజీ మల్టీమీటర్‌తో కొలువు. తర్వాత అదే దిక్కులో, ఆ 1 కిలో ఓమ్ అలాగే ఉంచి 12 వోల్టులు ఇచ్చి మళ్ళీ కొలువు. వట్టి ఎల్‌ఈడీ అయితే అంకె పెద్దగా కదలదు, ఎరుపు 1.9 ఉన్నది 2.0 అవుతుంది. లోపల రెసిస్టర్ ఉంటే బాగా పెరుగుతుంది, 3 ఉన్నది 5 దాటొచ్చు. దిక్కు ముందే 5 వోల్టుల దగ్గర చూసుకోమన్నది ఎందుకంటే, ఎల్‌ఈడీలు తిరగేసిన వోల్టేజీని మామూలుగా 5 వరకే తట్టుకుంటాయి.

లోపలే రెసిస్టర్ ఉన్న 5 వోల్టుల రకమయితే ఇంకోటి వేయాల్సిన పని లేదు, నేరుగా ఇచ్చెయ్. 12 వోల్టుల రకమయితే 5కు సన్నగా వెలుగుతుంది. అలాంటప్పుడు హోల్డర్‌లోని ఎల్‌ఈడీ మార్చుకోవడం మంచిది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ హోల్డర్లు చాలావరకు కార్ల పార్కింగ్ లైట్లలో వాడే టీ10 రకం వెడ్జి బేసువి. అది చూసి ఒకాయన మా ఆటోనగర్‌లో కారు లైట్ల కొట్టుకు వెళ్ళి డజను తెచ్చుకున్నాడు. ఆకారం సరిపోయింది. కానీ అవి కారు బ్యాటరీకి, అంటే 12 నుంచి 14 వోల్టులకు చేసినవి. లోపల మూడేసి చిప్పులు సిరీస్‌లో ఉంటాయి. తెల్లవయితే మూడు మూళ్ళు తొమ్మిది వోల్టులు లేకపోతే కన్ను తెరవవు. 5 వోల్టులకు అవి రాయిలా ఉన్నాయి. కొట్టువాడి తప్పు లేదు, బల్బుల తప్పూ లేదు. కొనేముందు ఏ వోల్టుకని అడగాలి, అంతే.

మీ గుంటూరులో విడి ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు దొరక్కపోతే బస్సెక్కి బెజవాడ రా. గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్ స్పేర్ల కొట్లలో అడుగు. 330వి పది, 180వి పది, 470వి ఐదు, 1 కిలో ఓమ్ ఐదు తీసుకో, అన్నీ పావు వాటు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలు రెండేసి అదనంగా తీసుకో. ఇంటికెళ్ళాక గీతలు చూసి వేరుచెయ్. 330 అంటే నారింజ, నారింజ, గోధుమ. 180 అంటే గోధుమ, బూడిద, గోధుమ. 470 అంటే పసుపు, ఊదా, గోధుమ. చివర బంగారు గీత ఐదు శాతం తేడా ఉండొచ్చని చెబుతుంది. మూడో గీత దగ్గర జాగ్రత్త. ట్యూబులైటు కింద గోధుమ, నారింజ ఒకేలా కనిపిస్తాయి. మూడోది కూడా నారింజ అయితే అది 330 కాదు, 33 వేల ఓమ్స్, లైటు దాదాపు వెలగదు. ఐదు గీతల నీలం రంగు రెసిస్టర్లిస్తే గీతలతో కుస్తీ పట్టకు, మల్టీమీటర్ పెట్టి కొలుచుకో.

బటన్ పైనుండే ప్లాస్టిక్ కప్పు రంగు, ఎల్‌ఈడీ రంగు కూడా కలవాలి. ఎర్ర కప్పు కింద తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఎర్రగానే వస్తుందనుకుంటాం. తెల్ల ఎల్‌ఈడీలో నీలం, పసుపు ఎక్కువ, నిండు ఎరుపు తక్కువ. ఎర్ర కప్పు ఆ ఉన్న కాస్త ఎరుపునే బయటికి వదులుతుంది కాబట్టి వాడిపోయినట్టు వస్తుంది. ఎరుపు కింద ఎరుపే పెట్టు, నీలం కింద నీలమే. పాల రంగు కప్పులయితే ఏ రంగైనా చక్కగా విచ్చుకుంటుంది.

వైరింగ్‌కు వద్దాం. బటన్ కింద మైక్రోస్విచ్‌కు మూడు కాళ్ళు ఉంటాయి: కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. స్విచ్ పక్కన సీఓఎం, ఎన్ఓ, ఎన్‌సీ అని అచ్చు ఉంటుంది. ఎల్‌ఈడీ కాళ్ళు రెండూ వేరు, వాటికి స్విచ్‌తో లోపల ఏ సంబంధమూ లేదు. ఎప్పుడూ వెలుగుతూ ఉంటే చాలనుకుంటే, ఎల్‌ఈడీల మైనస్ కాళ్ళన్నిటినీ ఒక నల్ల వైరుతో మాలలా కలిపి గ్రౌండుకు, అంటే 5 వోల్టుల సప్లై మైనస్‌కు ఇవ్వు. ప్లస్ కాళ్ళు ఒక్కోటి తన రెసిస్టర్ గుండా 5 వోల్టులకు. రెసిస్టర్ ప్లస్ వైపు ఉన్నా మైనస్ వైపు ఉన్నా ఒకటే, ఒకే దారిలో పోయే కరెంటు ఎక్కడైనా అంతే.

రెసిస్టర్లను బటన్ల దగ్గర గాల్లో వేలాడదీయకు. ఒక చిన్న జీరో పీసీబీ (చిల్లుల బోర్డు) ముక్క తీసుకుని 12 రెసిస్టర్లూ వరసగా నిలబెట్టి సోల్డర్ చెయ్. ఒక వైపు అన్నీ కలిపి 5 వోల్టులు, రెండో వైపు స్క్రూ టెర్మినళ్ళు. ఒక్కో టెర్మినల్ నుంచి ఒక్కో బటన్‌కు వైరు. ఏదో రంగు కళ్ళలో పొడుస్తోందనిపిస్తే ఆ ఒక్క రెసిస్టర్ మార్చుకోవచ్చు, పెట్టె అంతా విప్పక్కర్లేదు. వైరు 7/36 మల్టీ స్ట్రాండ్ హుక్‌అప్ వైరు (సన్నటి తీగలు ఏడు కలిపినది) సరిపోతుంది. లాన్ కేబుల్ చీల్చి ఆ ఒంటి తీగ వాడేవాళ్ళను చూశాను. మూత తీసి వేసినప్పుడల్లా వంగి, మెడ దగ్గర తెగిపోతుంది. బటన్ కాళ్ళకు నేరుగా సోల్డర్ పెట్టొద్దు, హోల్డర్ ప్లాస్టిక్ కరిగి కాలు వంకరపోతుంది. దూర్చే లగ్గులు వాడు, పైన స్లీవ్ వెయ్. లగ్గుల్లో 2.8 మిల్లీమీటర్లవి, 4.8 మిల్లీమీటర్లవి రెండు సైజులుంటాయి. ఒక బటన్ వెంట తీసుకెళ్ళి సరిచూసుకుని కొను.

నొక్కినప్పుడు లైటు మారాలన్న నీ కోరికకు అందరూ ప్రోగ్రాం, ట్రాన్సిస్టర్ అంటూ మొదలుపెడతారు. నీకు అవేవీ అక్కర్లేదు. ఇప్పటిదాకా ఎవరూ వాడని ఎన్‌సీ కాలు ఉంది కదా, అదే వాడు. కామన్ కాలు గ్రౌండుకు. ఎన్ఓ కాలు ఎప్పటిలాగే ఎన్‌కోడర్‌కు. ఎల్‌ఈడీ మైనస్‌ను గ్రౌండుకు కాకుండా ఎన్‌సీ కాలుకు ఇవ్వు. బటన్ ఊరికే ఉన్నప్పుడు కామన్, ఎన్‌సీ కలిసి ఉంటాయి కాబట్టి లైటు వెలుగుతుంది. నొక్కగానే ఆ దారి తెగి ఆరిపోతుంది, అదే క్షణంలో ఎన్‌కోడర్‌కు సిగ్నల్ వెళుతుంది. ఎన్ఓ, ఎన్‌సీ ఎప్పుడూ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఎల్‌ఈడీ వైపు 5 వోల్టులు ఎన్‌కోడర్ వైపు పోయే ప్రశ్నే లేదు. పిల్లలు టపటపా కొడుతుంటే వేలి కింద రంగు ఆరి వెలుగుతుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీ మైక్రోస్విచ్‌లకు మూడు కాళ్ళూ ఉన్నాయా లేదా ముందు చూసుకో, కొన్ని చవక రకాలకు రెండే ఉంటాయి.

నొక్కినప్పుడు మాత్రమే వెలగాలంటే ఎల్‌ఈడీ మైనస్‌ను ఎన్ఓ కాలుకు ఇవ్వాలి. అప్పుడు ఎన్‌కోడర్ సిగ్నల్, ఎల్‌ఈడీ ఒకే కాలు మీదికి వస్తాయి. బటన్ వదిలి ఉన్నప్పుడు 5 వోల్టుల నుంచి ఎల్‌ఈడీ గుండా ఎన్‌కోడర్ పిన్నులోకి కొంచెం కరెంటు దూరే ప్రమాదం ఉంది. ఆ చిప్పు 3.3 వోల్టులదయితే అది మంచిది కాదు. అడ్డంగా ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒక్క దిక్కునే పోనిచ్చేది) పెట్టాలి, 1ఎన్5819 దొరుకుతుంది. గీత ఉన్న వైపు స్విచ్‌కు, రెండో వైపు ఎన్‌కోడర్‌కు. సిగ్నల్ స్విచ్ వైపు పోతుంది గాని వెనక్కి 5 వోల్టులు రావు. పనిచేస్తుంది, కానీ 12 బటన్లకు 12 డయోడ్లు. నీకు సంక్రాంతి దగ్గర పడుతోంది. ఎన్‌సీ పద్ధతే చెయ్.

అన్నీ బిగించాక వెంటనే కంప్యూటర్‌కు గుచ్చకు. ముందు పాత ఫోన్ ఛార్జర్‌తో 5 వోల్టులు ఇవ్వు, ఎన్‌కోడర్ తీసేసి. ప్లస్ కాలు, మైనస్ కాలు ఏదో గుర్తు లేకపోతే విడి ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్, అంచున చదునుగా ఉన్న వైపు మైనస్. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎరుపు, పసుపు వెలుగుతాయి, నీలం కొన్ని మీటర్లకు వెలగదు. అది చూసి పాడైందని పారేయకు. తర్వాత ప్రతి రెసిస్టర్ రెండు చివర్ల మధ్య వోల్టేజీ కొలిచి కాగితం మీద రాసుకో. ఎరుపు, పసుపుల 330 మీద 3 వోల్టుల దగ్గర రావాలి. నీలం, తెలుపుల 180 మీద 1.6 నుంచి 2 మధ్య. ఆకుపచ్చ 470 మీద 1.9 దగ్గర వస్తే అది నిండు రకం. 2.9 వస్తే పాత రకం, ఆ 470 తీసి 330 వెయ్. ఏ రెసిస్టర్ మీదైనా సున్నా వస్తే ఎల్‌ఈడీ తిరగబడి ఉంది, లేదా లగ్గు సరిగ్గా కూర్చోలేదు. ఏకంగా 5 వస్తే ఆ బటన్ దగ్గర ప్లస్, మైనస్ వైర్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, వెంటనే ఛార్జర్ తీసెయ్. 12 అంకెలూ రాసుకుని ఇక్కడ పెట్టు, తేడా ఉన్నది ఏదో చూసి చెబుతాను.